గోడలో నిద్రపోయేవాళ్లు

ఇంటికి ఒక్కటే బాత్రూం ఉంటే ఎంత కష్టమో, దానికి లోపలి గడియ పడ్డప్పుడు తెలుస్తుంది. ఆదివారం పొద్దున్నే ఒక చెంప గీసుకుని, రెండో చెంపకి సబ్బు నురగతో తలుపు బయట నిలబడ్డవాడికి ఇంకా బాగా తెలుస్తుంది.

సూపరింటెండెంటు పని ఇప్పుడు అలాగే ఉంది. బెల్లు మోగిందని గడ్డం మధ్యలో ఆపి వెళ్లి, మేస్త్రిని లోపలికి పిలిచి, వెనక్కి తిరిగేసరికి బాత్రూం తలుపు మూసుకుపోయింది. లోపల భార్య ఉంది. ఆవిడతోపాటు ఆయన బ్లేడూ, అద్దమూ, మగ్గూ ఉన్నాయి.

"ఇదిగో, తలుపు తీయి. మేస్త్రి వచ్చాడు."

"తెలుసు. అందుకే గడియ పెట్టుకున్నాను."

వారం రోజుల్లో ఆవిడ ఆయనతో నేరుగా అన్న మొదటి మాట అది. కోపం మాటే అయినా ఆయనకి ప్రాణం లేచొచ్చింది. పోయిన ఆదివారం నుంచి ఆ ఇంట్లో మాటలు మనుషుల మధ్య కాకుండా వస్తువుల మీదుగా నడుస్తున్నాయి. "కాఫీ ఎవరికైనా కావాలేమో" అని ఆవిడ ఫ్రిజ్‌తో అనేది. "ఇస్తే కాదనేవాళ్లు ఎవరూ లేరు" అని ఆయన పేపరుతో అనేవాడు.

పోయిన ఆదివారం ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. కోడలు కాలేజీ వాళ్లతో చెరువు దగ్గరికి వెళ్లిన సమయం చూసి, అత్తగారు బాత్రూం గోడ మీది పచ్చదనమంతా యాసిడ్ పోసి తోమేశారు. కోడలికి సాయం చేద్దామనే. ఆ మాట ఆవిడ ఇప్పటికీ అంటూనే ఉన్నారు. నడుం పట్టేయడంతో పగులు కింద అరచేతంత ముక్క మిగిలిపోయింది. కోడలు వచ్చి చూసింది. తన మణికట్టు తనే పట్టుకుని, గడియారం చూస్తూ నాడి కొలుచుకుంది. కాలేజీలో మానవ శరీరం పాఠం చదవడం మొదలుపెట్టాక ఆవిడకి కోపం వస్తే తిట్టడం మానేసి నాడి చూసుకుంటోంది. అత్తగారికి ఇదే ఎక్కువ భయంగా ఉంది.

పెళ్లితో ఆగిపోయిన డిగ్రీని, కొడుకు హాస్టల్‌కి వెళ్లగానే ఆవిడ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. క్లాసులో పిల్లలు "ఆంటీ" అంటారు. మొక్కల పాఠం నడిచినన్నాళ్లు ఇంట్లో కూర టైముకి అవలేదు. ప్రతి కాయనీ అడ్డంగా కోసి, అందులో గదులెన్నో చూసి, బొమ్మ వేశాకే గిన్నెలో వేసేది. జంతువుల పాఠంలో బల్లులకి అభయం దొరికింది. సూక్ష్మజీవుల పాఠం వచ్చాక గిన్నెలు తోమే పీచుని ఎవరూ ముట్టుకోలేదు. అన్నిటికీ సూపరింటెండెంటు సర్దుకున్నాడు. సర్దుకోలేనిది గోడ ఒక్కటే.

ఆయన ఉద్యోగం నీటి సరఫరా ఆఫీసులో. ఊళ్లో ఎవరి పైపు కారినా ఆ ఫిర్యాదు ఆయన బల్ల మీదికే వస్తుంది. సొంత బాత్రూం గోడ మాత్రం పై అంతస్తు పైపు కారి కారి ఉబ్బిపోయి, ఏళ్ల తరబడి ఆయన పరువు తీస్తోంది. పైన ఉండేది పళ్ల డాక్టరు. ఎవరితో మాట్లాడినా కళ్లలోకి కాకుండా పళ్లలోకి చూస్తాడు. మొదట్లో "మా పైపు కారడం లేదు, మీ గోడకి చెమట పడుతోంది" అన్నాడు. దేశంలో చెమట పట్టే గోడ ఇదొక్కటే అని సూపరింటెండెంటు అపార్ట్‌మెంటు మీటింగులో అరిచాడు. సాక్ష్యం ఏదని అడిగితే గోడ మీది పాచి కాస్త గీకి, మందుల షాపు కాగితం కవర్లో పట్టుకెళ్లి అందరికీ చూపించాడు. అందరూ వాసన చూసి పక్కవాళ్లకి ఇచ్చారు.

ఇన్నాళ్లకి డాక్టరు దిగొచ్చాడు. తన ఖర్చుతో తనే మేస్త్రిని పంపించాడు. గోడ కింది నుంచి పగలగొట్టి పైపు మార్చడానికి. గెలిచిన రోజున గడియ లోపలి నుంచి పడింది.

"దానికి చదువు ఎక్కువై కాదురా, నీకు గొంతు తక్కువై," అన్నారు తల్లి గారు వెనక నుంచి. తర్వాత దగ్గారు.

ఆ దగ్గు కూడా గోడదే. బాత్రూం గోడకి అటువైపు ఆవిడ గది. తడి గోడ దాటి వెళ్లడంతో రాత్రుళ్లు ఆవిడ దిండు మీద సున్నం పెచ్చులు రాలుతున్నాయి. మంచం జరపడానికి ఆ గదిలో చోటు లేదు. మనిషి లోపలికి వెళ్లాలంటేనే పక్కకి తిరిగి వెళ్లాలి.

"సార్, నాకు ఇంకో చోట కూడా పని ఉంది," అన్నాడు మేస్త్రి, సంచి కింద పెట్టి సుత్తీ ఉలీ బయటికి తీస్తూ.

"ఉండవయ్యా, మాట్లాడుతున్నాను కదా."

"మాట్లాడుతున్నది మీరు సార్. అవతలివాళ్లు మాట్లాడట్లేదు."

అప్పుడే మెట్ల మీంచి పళ్ల డాక్టరు దిగాడు. "ఏంటండీ, సుత్తి చప్పుడు ఇంకా రాలేదు? నేను చెవుల్లో దూది కూడా పెట్టుకున్నాను." సూపరింటెండెంటుకి సగమే గీసిన గడ్డం కేసి ఒకసారి చూశాడు. "చూడండి, అందరి ముందూ చెబుతున్నా. పని ఈరోజు అయితే అయినట్టు. కాదంటే మళ్లీ నా గడప తొక్కొద్దు."

సూపరింటెండెంటు తలుపుకి నోరు ఆనించి, గొంతు తగ్గించాడు. "విన్నావా? ఈ ఒక్కరోజే. నా పరువు, అమ్మ దగ్గు, రెండూ నీ చేతిలో ఉన్నాయి."

లోపల ఆవిడ నాడి చూసుకుంటోందని ఆయనకి అర్థమైంది.

గడియ తీసిన చప్పుడు వినిపించింది.

"రండి. ఒక్కసారి చూడండి. చూశాక మీ ఇష్టం."

బక్కెట్టు బోర్లించి, దాని మీద పీట వేసి, పీట మీద కాలేజీ నుంచి తెచ్చిన మైక్రోస్కోపు పెట్టుకుంది. బయటి వైపు గోడకి పైనున్న చిన్న కిటికీలోంచి ఎండ దాని అద్దం మీద పడుతోంది. సూపరింటెండెంటు గొంతుక్కూర్చుని కన్ను ఆనించాడు.

"ఏముంది ఇందులో? నల్లటి గడ్డి."

"అవి మీ కనురెప్పల వెంట్రుకలు. కన్ను కొంచెం పైకెత్తండి."

ఎత్తాడు.

ఆకుపచ్చ అద్దాలు బిగించిన పెద్ద భవనం లోపలికి ఎవరో తోసినట్టు అయింది ఆయనకి. గది పక్కన గది, గది పక్కన గది, గోడలన్నీ గాజువే. ప్రతి గదిలోనూ ఆకుపచ్చ పూసలు గోడ వారగా కుదురుగా పేర్చి ఉన్నాయి. ఎక్కడా చెమ్మ మరక లేదు, పగులు లేదు. ఇంత నీటైన కట్టడం ఆయన సర్వీసులో చూడలేదు.

"ఇది... పాచా?"

"పాచి కాదు, నాచు. ఒక్క ఆకు అది. ఆ ఆకు మందం ఒక్క గది అంతే."

"ఇది మన గోడ మీదే ఉందా?"

"మీరు రోజూ దీని మీదే మగ్గుతో నీళ్లు కొట్టి, 'దరిద్రం' అంటుంటారు."

ఆయన కన్ను తీయలేదు. ఆవిడ స్లైడుని గోటితో కొద్దిగా జరిపింది. "ఆకు పక్కన చూడండి. ముడతలు పడ్డ చిన్న పీపా లాంటిది కనిపిస్తోందా?"

"ఉంది. ఎండు ద్రాక్షలా ఉంది."

"చచ్చినట్టుందా, బతికినట్టుందా?"

సూపరింటెండెంటు ఆలోచించాడు. "మా ఆఫీసు ఫైల్లా ఉంది."

తలుపు దగ్గర మేస్త్రి నవ్వాడు. వారం తర్వాత ఆవిడ పెదవి చివర కూడా కాస్త కదిలింది. "అది మీదే," అంది.

"నాదా?"

"మీ స్వెట్టర్ల కింద కాగితం కవరు దాచుకున్నారే, సాక్ష్యం. అందులోది. రెండేళ్ల పైనుంచి ఒక్క చుక్క నీరు లేకుండా పడుంది. మీరు లేవకముందే నానబెట్టాను. ఇప్పుడు అందరూ కాసేపు నోళ్లు మూసుకుంటే చూద్దాం."

ఆ ఇంట్లో అందరూ ఒకేసారి నోళ్లు మూసుకోవడం గృహప్రవేశం తర్వాత ఇదే మొదలు. డాక్టరు చెవుల్లో దూది తీసి జేబులో వేసుకున్నాడు. తల్లి గారు గుమ్మానికి ఆనుకుని, దగ్గుని కొంగులో నొక్కుకున్నారు.

పైన డాక్టరు గారి భార్య వాషింగ్ మిషన్ వేసినట్టుంది. గోడ లోపల గుర్రుమని చప్పుడు దిగింది. ఎప్పుడూ ఆ చప్పుడుకి పళ్లు కొరికే సూపరింటెండెంటు, ఈసారి తల తిప్పి గోడకేసి చూశాడు. యాసిడ్‌తో తెల్లబడ్డ గోడ మధ్య మిగిలిన ఆ అరచేతంత ముక్క ఎండి, గోధుమ రంగులో ముడుచుకుని ఉంది. పగులులోంచి ఒక నీటి చుక్క ఊరింది. జారింది. చుక్క తగిలిన చోట ముడుచుకున్న ఆకులు, కళ్ల ముందే, వేళ్లు విప్పినట్టు విప్పుకోవడం మొదలుపెట్టాయి. గోధుమ రంగు పోయి ఆకుపచ్చ వచ్చింది. ఎవరో ఊపిరి పోసినట్టు ఆ పచ్చదనం పక్కకి పాకింది.

"అయ్యో," అన్నారు తల్లి గారు. అంతకంటే ఏమనాలో ఆవిడకి తెలియలేదు.

"పైన నీళ్లు పడితే వీళ్లు లేస్తారు," అంది కోడలు నెమ్మదిగా. "డాక్టరు గారు ఊరెళితే ముడుచుకుని పడుకుంటారు. మొన్న పెళ్లికెళ్లారే, అన్నాళ్లూ గోడంతా నిద్ర. ఎన్ని లేస్తున్నాయి, ఎన్ని పడుకుంటున్నాయి, ఏడాదంతా చూడాలి. అదే నా ప్రాజెక్టు. సగం ఏడాది అయింది."

డాక్టరు ఛాతీ కాస్త ముందుకొచ్చింది. తన స్నానానికి ఇంత ప్రాముఖ్యం ఉందని ఆయనకి ఇంతకుముందు ఎవరూ చెప్పలేదు.

"కదిలింది!" అని అరిచాడు సూపరింటెండెంటు.

"ఏది?"

"పీపా! పీపాకి కాలొచ్చింది!"

ముడతల్లోంచి ముందు ఒక పొట్టి కాలు బయటికొచ్చింది. దానికి గోళ్లు. తర్వాత ఇంకోటి. ఎండుద్రాక్ష నీళ్లు తాగి ఉబ్బి, నున్నగా అయి, నిద్ర లేచినవాడిలా ఒళ్లు విరుచుకుంది. ఎనిమిది కాళ్లు, బొద్దు ఒళ్లు, ముందు వైపు రెండు నల్లటి చుక్కల్లాంటి కళ్లు. ఒళ్లంతా గాజులా ఉండి, లోపల పొట్ట కూడా కనిపిస్తోంది. అటూ ఇటూ తడుముకుని, నాచు ఆకుని గోళ్లతో పట్టుకుని, భోజనం చేసొచ్చిన పెద్దమనిషిలా తీరిగ్గా నడవడం మొదలుపెట్టింది. రెండేళ్లు ఆలస్యమైందన్న కంగారు దానికి ఎక్కడా లేదు.

"టార్డిగ్రేడు అంటారు," అంది ఆవిడ. "నీటి ఎలుగుబంటి."

సూపరింటెండెంటు నోరు తెరుచుకునే ఉంది. డాక్టరు కూడా ఆ నోట్లోకి చూడలేదు. ఆ కవరు మీటింగులో చేతులు మారింది, స్వెట్టర్ల కింద పడుంది, నాఫ్తలిన్ ఉండల వాసన పీల్చింది. తను దాన్ని సాక్ష్యం అనుకున్నాడు. అందులో ఒక ప్రాణి అన్నాళ్లూ ఊపిరి బిగబట్టుకుని ఉంది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. సబ్బు నురగ వల్ల అనుకుని మిగతావాళ్లు పట్టించుకోలేదు.

"నువ్వు కూడా ఇన్నేళ్లూ..." అని ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఉపమానాలు తర్వాత. ముందు తల తీయండి, డాక్టరు గారు చూస్తారట."

డాక్టరు చూశాడు. "దీనికి పళ్లెన్ని?" అన్నాడు. మేస్త్రి చూశాడు. చూసి, ఎందుకో చేతిలో సుత్తి కింద పెట్టాడు. ఆఖర్న కోడలు ఇంకో స్లైడు పెట్టి, గోడ మీంచి అప్పుడే తీసిన చుక్క వేసి, "రండి అత్తయ్యా" అంది.

వారంగా ఆ పిలుపు కూడా లేదు. అత్తగారు కళ్లజోడు తీసి, పెట్టుకుని, మళ్లీ తీసి, వంగారు.

"ఇదేంటే? పలచటి సంచిలో ముత్యాలు పోసినట్టు?"

"గుడ్లు అత్తయ్యా. చర్మం విడిచేసి, ఆ విడిచిన చర్మంలోనే గుడ్లు పెట్టి పోతుంది. పిల్లలు దాంట్లోంచి వస్తాయి."

"ఒంటిమీది చీర విప్పి ఉయ్యాల కట్టినట్టు," అన్నారు అత్తగారు. చాలాసేపు చూశారు. నడుం పట్టినా లేవలేదు. తర్వాత, కన్ను అక్కడే ఉంచి, అడిగారు: "పోయిన వారం నేను తోమిన చోట కూడా ఇవి ఉండేవా?"

కోడలి చేతిలో డ్రాపరు ఆగిపోయింది. అబద్ధం చెప్పడానికి కావాల్సినంత సమయం ఉంది. చెప్పలేదు.

"ఉండేవి."

గోడలో నీళ్లు గుర్రుమంటున్నాయి. అత్తగారు లేచి, తలుపు పట్టుకుని నిలబడ్డారు.

ముందు మాట్లాడింది డాక్టరే. అంత ఉత్సాహం ఆయనలో పన్ను పీకేటప్పుడు కూడా ఎవరూ చూడలేదు. "నాకొకటి తోస్తోంది. మనం చదువుకున్నవాళ్లం. ఇంత గొప్ప సంగతి జరుగుతుంటే పైపు మార్చడమేంటండీ? సైన్సు కోసం నా పైపు కారనిస్తాను! ఎన్నాళ్లయినా కారనిస్తాను!"

"ఓరి నాయనో!" అన్నాడు సూపరింటెండెంటు. "కారడం లేదన్నది మీరే కదండీ!"

"అప్పుడు దాని విలువ తెలియదు."

సూపరింటెండెంటుకి ఆఫీసు తెలివి మేలుకుంది. భార్య వైపు తిరిగాడు. "ఇదిగో, నువ్వే చూపించావు కదా. కవర్లో పడేస్తే రెండేళ్లకీ లేచి నడిచింది. అయితే గోడ కొట్టేస్తే నష్టమేంటి? ఆ ముక్క జాగ్రత్తగా గీకి కవర్లో పెట్టుకో. నీ ఎలుగుబంట్లు నీకుంటాయి, అమ్మకి పొడి గోడ ఉంటుంది."

మేస్త్రి తలూపాడు. డాక్టరు కూడా, కొంచెం నిరాశగా, తలూపాడు. నిజమే కదా అనిపించింది అందరికీ.

ఆవిడ ఒక్కర్తే తలూపలేదు. మొదటి స్లైడు మళ్లీ పెట్టింది. "ఇంకోసారి చూడండి. మిగతా పీపాలు చూడండి."

చూశాడు. నడిచే ఎలుగుబంటి ఆకు అంచు దాకా వెళ్లింది. దాని చుట్టూ పీపాలు, లెక్కలేనన్ని. ఏదీ కదలడం లేదు.

"ఇవి ఎప్పుడు లేస్తాయి?"

"లేవవు. పొద్దున్నుంచీ నీళ్లలోనే ఉన్నాయి. మీ కవర్లోంచి లేచింది ఆ ఒక్కటే." ఆవిడ గొంతు పెంచలేదు. "నిద్రకి కూడా ఒక హద్దు ఉంటుందండీ. మధ్యమధ్యలో లేచి, తిని, గుడ్లు పెట్టుకుంటేనే మళ్లీ పడుకోగలవు. కవర్లో పెట్టి దాచడం, బతకనివ్వడం ఒకటి కాదు. డబ్బాలో తడిగా పెట్టి కూడా చూశాను, బూజు పట్టి పోయాయి. ఈ గోడ, ఈ పగులు, ఈ చుక్క, వీటికి ఇదే ఊరు. ఇది పోతే నా ప్రాజెక్టు పోతుంది, ఈ ఏడాది పోతుంది. సరే, ఏడాది పోవడం నాకు అలవాటే."

ఆఖరి మాట ఆవిడ స్లైడుతోనే అంది. తగలాల్సిన చోట తగిలింది.

సూపరింటెండెంటు తల్లి వైపు చూశాడు. "అమ్మా, నువ్వు చెప్పు. దిండు మీద పెచ్చులు రాలేది నీకు."

"నన్నడక్కురా," అన్నారావిడ. "ఒకసారి ఎవర్నీ అడక్కుండా యాసిడ్ పోశాను. ఇక ఈ గోడ జోలికి నేను రాను." అని, ఇంకేదో అనబోయారు. దగ్గు అడ్డొచ్చింది. ఈసారి కొంగులో ఆగలేదు. గోడ పట్టుకుని, వంగిపోయి, ఊపిరి అందేదాకా దగ్గారు. కోడలు డ్రాపరు వదిలేసి వెళ్లి వీపు నిమిరింది. నిమురుతూ, అలవాటు కొద్దీ అత్తగారి మణికట్టు పట్టుకుంది. కాసేపటికి ముఖం మారింది. నాడి ఎంత వచ్చిందో ఎవరికీ చెప్పలేదు. కళ్లెత్తి భర్త వైపు మాత్రం చూసింది. ఉంచమని కాదు ఆ చూపు. కొట్టమనీ కాదు.

మేస్త్రి మెల్లిగా సుత్తి మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. మిగిలిన ఆ అరచేతంత పచ్చదనం పక్కన ఉలి మొన ఆనించాడు. ఆనించేముందు, ఎవరూ చెప్పకుండానే, ఒక అంగుళం పక్కకి జరిపాడు.

"సార్, కొట్టమంటారా?"

"పరిశీలనలో ఉంది," అన్నాడు సూపరింటెండెంటు. ఆఫీసులో ఏళ్లుగా అందరికీ ఇదే జవాబు చెప్పి పంపించాడు. ఇక్కడ ఎవరూ వెళ్లలేదు.

పాఠక మహాశయులారా, కథ చెప్పేవాళ్లకి తర్వాతేమవుతుందో తెలిసే ఉంటుందని మీరనుకుంటారు. నాకు నిజంగా తెలియదు. గోడకి ఇటువైపు నిలబడితే ఆ బొద్దు ప్రాణి నడకే కళ్లలో ఆడుతోంది. అటువైపు వెళితే అత్తగారి దగ్గు చప్పుడే చెవుల్లో మోగుతోంది. మధ్యలో ఉన్నది నాలుగంగుళాల గోడ. మీకూ గోడలున్నాయి, మీకూ అత్తలున్నారు, మీలో కొందరికి ఆగిపోయిన చదువులున్నాయి. దయచేసి ఒక మాట రాసి పంపండి, ఆయన ఏమనాలి? డాక్టరు గారి భార్య పైన రెండో విడత బట్టలు వేసినట్టుంది, ఇంకో చుక్క ఊరుతోంది. దాని పక్కనే ఉలి ఉంది. మేస్త్రి సుత్తి ఎత్తి పట్టుకునే ఉన్నాడు.